గుండయ్య చేతులు

మాదన్నపేట, హైదరాబాద్,
12 సెప్టెంబర్ 2024.

చిరంజీవి సుజనకు,

మీ మామ డానియేలు, అత్తమ్మ మాణిక్యమ్మ దేవుని దయవల్ల బాగున్నారు, మామ నోరు ఒక్కటి తప్ప. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మొన్న ఫోనులో నేను చెప్పిన ప్రతి మాటకూ నువ్వు ఏంటి మామా, ఏంటి మామా అంటుంటే నాకే విసుగొచ్చింది. నోరు రెండు వేళ్ళు పట్టేంతే తెరుచుకుంటోంది. ఎడమ బుగ్గ లోపలి తెల్లమచ్చ అలాగే ఉంది. జనవరిలో మళ్ళీ చూస్తానని, అప్పటికీ తగ్గకపోతే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలని డాక్టరమ్మ చెప్పింది. అందుకని మాటలు చేతికి అప్పజెప్పాను. పైగా ఆకుల్ని ఫోనులో పంపలేను కదా.

అవును, ఆకుల సంగతే. పొగాకు మానేశాక చేతులకు పని ఉండాలి మామా అంటూ జూన్‌లో నువ్విచ్చిన టొమాటిల్లో విత్తనాలు గుర్తున్నాయా? మెక్సికో దేశం వాళ్ళు పచ్చడి చేసుకునే కాయ అన్నావు. కారం తినలేని నా నోటికి ఆ పులుపు పనికొస్తుందని ఆశపడి వేశాను. మూడే మొలిచాయి. రెండు మా డాబా మీద బకెట్లలో ఉన్నాయి. మూడోది గుండయ్యకిచ్చాను. మనకు గౌలిపుర నుంచి పాలు పోసే గుండయ్యే, చిన్నప్పుడు నీకు మీగడ ప్రత్యేకంగా తెచ్చేవాడు. నేను నీళ్ళ శాఖలో నల్లాల డ్యూటీ చేస్తూ తెల్లవారకముందే వాల్వులు తిప్పే రోజుల్నుంచి మా దోస్తీ.

ఇప్పుడు నా రెండు మొక్కల ఆకులకూ జల్లెడలా చిల్లులు పడుతున్నాయి. అది కాక అక్కడక్కడ లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు. పక్క డాబా ఆనందరావు దిష్టి తగిలిందంటాడు. ఎవరిదని అడిగితే మీదే అంటాడు, రోజుకు అయిదారుసార్లు పైకెక్కి చూస్తున్నానట నేను. మీ అత్తమ్మ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు కాబట్టి డాబా మీద ఇప్పుడు నాదే రాజ్యం. నాలుగు ఆకులు పాత క్యాలెండర్ కాగితంలో మడిచి పెట్టాను. నువ్వు కాలేజీలో చెప్పేది చెట్ల శాస్త్రమే కదా, చూసి చెప్పు.

ఆశీస్సులతో,
మామ

*

మంచిర్యాల,
20 సెప్టెంబర్.

మామకు, అత్తమ్మకు సుజన వందనాలు.

నీ చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందో. కవరు మీద మా కాలేజీ పేరు అంత గుండ్రంగా రాస్తే మా అటెండరు ప్రిన్సిపాల్‌కు వచ్చిన ఆహ్వానం అనుకొని ఆయన టేబుల్ మీద పెట్టాడు. ఆయన విప్పి ఆకులు చూసి నన్ను పిలిచారు.

ఆకులు మాత్రం దారిలో ఎండి చాయ్‌పత్తిలా వచ్చాయి. చిల్లులు కనిపించాయి, మచ్చలు కనిపించలేదు. చిల్లులు పొడిచేది ఆవగింజంత నల్లపురుగు అయి ఉండాలి. పొద్దున్నే ఆకు వెనక చూడు, వేలు పెడితే గెంతుతుంది. వేపనూనె కాస్త సబ్బునీళ్ళలో కలిపి ఆకు అడుగున కొట్టు.

మచ్చలు చూడలేదు కాబట్టి అంచనాయే. బకెట్‌లో మట్టి సారం తగ్గి ఉంటుంది. మందుల షాపులో భేది ఉప్పు దొరుకుతుంది, చెంచాడు నీళ్ళలో కలిపి పొయ్యి. మచ్చలు ముందు పాత ఆకులకొచ్చాయా, చిగుళ్ళకొచ్చాయా? మొక్కను రోజూ ఎవరెవరు ముట్టుకుంటారు? ఈసారి ఆకుల్ని న్యూస్‌పేపర్ మధ్య పెట్టి పరుపు కింద నొక్కి ఆరబెట్టి పంపు, రంగు నిలుస్తుంది.

నీకొకటి తెలుసా మామా? మన టొమాటో, వంకాయ, మిర్చి, చార్మినార్ దగ్గర బండ్ల మీద కాగితంలాంటి బుడ్డతో సహా అమ్మే రస్‌భరీ, నువ్వు చిన్నప్పుడు నుదుటి మీద టప్పున పేల్చానని చెప్పే కుప్పంటి కాయ, ఇవన్నీ ఈ టొమాటిల్లోకి చుట్టాలే. నువ్వు వదిలించుకున్న పొగాకు కూడా ఆ కుటుంబంలోదే. ప్రతి ఇంట్లో ఒకడు అలాంటివాడు ఉంటాడనుకో.

నువ్వు పొగాకు మానేసినందుకు నాకెంత గర్వంగా ఉందో ఇక్కడందరికీ చెప్పుకుంటున్నాను.

నీ
సుజన

*

మాదన్నపేట,
3 అక్టోబర్.

బిడ్డా సుజనా,

పురుగు దొరికింది. నువ్వన్నట్టే గెంతింది, ఒకటి నా కళ్ళద్దాల మీదికి. వేపనూనె కొట్టాక కొత్త చిల్లులు లేవు. ఇందులో నీకు నూటికి నూరు మార్కులు.

భేది ఉప్పులో సున్నా. షాపువాడు ఎన్నాళ్ళ నుంచి కావట్లేదని నలుగురి ముందు అడిగాడు. మొక్కకు అని చెప్తే నమ్మలేదు. పోసి వారమైనా మచ్చలు తగ్గలేదు సరికదా, చిగుళ్ళకూ వచ్చాయి. కొత్త ఆకులు ముడతపడి, సన్నబడి, ఎవరో చేత్తో పిండినట్టు ఉన్నాయి. రెండు మొక్కల్లో తలుపు దగ్గరి దానికి ఎక్కువ. అవతలి దానికి చిల్లులే తప్ప మచ్చలు దాదాపు పోయాయి, మొదట చూసింది మురికేమో. నువ్వు చెప్పిన పద్ధతిలో పరుపు కింద నొక్కిన ఆకులు పంపుతున్నాను. పరుపు కింద ఇదేంటని మీ అత్తమ్మ ఒక పూట లొల్లి చేసింది.

ఎవరు ముట్టుకుంటారన్నావు. పొద్దున తలుపు దగ్గరి దాన్ని నేను పాత చీర అంచులతో కర్రకు కడతాను, పక్క కొమ్మలు గిల్లుతాను. సాయంత్రం గుండయ్య ఇంట్లో పాలు పోసి చెంబు కిందే పెట్టి నేరుగా పైకొస్తాడు. కాసేపు కూర్చుంటాడు, అరచేతిలో సున్నం వేసి పొగాకు నలుపుకుంటాడు, తనకు తోచిన ఆకు తుంచుతాడు. విచిత్రమేమిటంటే గౌలిపురలో ఆయన మొక్క ఒక్క మచ్చ లేకుండా గేదెల కొట్టం పక్కన నిగనిగలాడుతోందట. ఒకటే విత్తనం, ఒకటే రోజు వేశాం. పేడ బలమా? నాకు ఇదంతా తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది. ఉద్యోగంలో ఉండగా నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో వెతికినట్టే ఉంది.

మామ

*

మంచిర్యాల,
12 అక్టోబర్.

మామకు వందనాలు.

ఆకులు రంగుతో సహా వచ్చాయి. కవరు విప్పగానే నా అంచనా తప్పని తెలిసిపోయింది. ఇది మట్టిలో లోపం కాదు, వైరస్. ఆకు మీద పచ్చ రంగును ముక్కలు ముక్కలుగా చేసే తెగులు. పొగాకు మొక్కలో మొదట కనిపెట్టారు కాబట్టి ఆ పేరే పెట్టారు. దాని చుట్టాలన్నింటికీ అంటుకుంటుంది.

అసలు వింత ఇక్కడుంది. ఎండిన పొగాకులో, డబ్బాలో నలిగిన పొగాకులో కూడా ఆ వైరస్ ఏళ్ళ తరబడి బతికి ఉండగలదు. పొగాకు నలిపిన వేళ్ళతో మొక్కను గిల్లితే ఆ గాటులోంచి లోపలికి పోతుంది. పురుగు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, మనిషి చెయ్యి చాలు.

నువ్వు జూన్‌లోనే మానేశావు కాబట్టి ఇది గుండయ్య తాత చేతుల వల్లే. రాయడానికి కష్టంగా ఉంది, ఆ మీగడ రుచి నాకింకా గుర్తుంది. అయినా చెప్పక తప్పదు. తలుపు దగ్గరి మొక్కను పీకి చెత్తబండికి ఇచ్చెయ్యి, మట్టిలో కలపకు. రెండోదాన్ని ఆయన్ను ముట్టుకోనివ్వకు. వీలైతే కొన్నాళ్ళు పైకి రావద్దని చెప్పు. ఆయన మొక్క ఎందుకు బాగుందో మాత్రం నాకు తెలియదు. అదృష్టమేమో.

సుజన

*

మాదన్నపేట,
14 నవంబర్.

బిడ్డా,

జవాబు ఆలస్యమైంది, రాయబుద్ధి కాలేదు. మొక్క పీకేశాను. గుండయ్యకు నువ్వు రాసిందంతా చదివి వినిపించాను. పొగాకు చేతులు అన్న దగ్గర ఆయన నా ముఖం వైపు చూశాడు. తరవాత లేచి, "సరే తియ్ అన్నా, చెట్టు మంచిగుంటే గదే సాలు. నేను కిందికెళ్లే పాలు పోసి పోత" అన్నాడు. అప్పట్నుంచి గేటు దగ్గరే పోసి వెళ్ళిపోతున్నాడు. అంత పెద్ద డాబా మీద ఇప్పుడు నేనూ, ఒక బకెట్టూ. ఆయనకేమైందని మీ అత్తమ్మ రోజూ అడుగుతోంది.

ఇక విను. గుండయ్య పైకి రావడం మానేశాక రెండో మొక్కను నేనే చూసుకుంటున్నాను, కట్టడమూ గిల్లడమూ అన్నీ. ఇప్పుడు దానికి కూడా మచ్చలు మొదలయ్యాయి. అవే లేత పచ్చ, ముదురు పచ్చ ముక్కలు. గుండయ్య నెల నుంచి దాని మీద చెయ్యి వెయ్యలేదు. మరి ఎలా వచ్చింది? పీకిన మొక్క నుంచి ఎగిరి వచ్చిందా?

ఇంకొకటి. పసుపు పువ్వులు విరగబూస్తున్నాయి, మధ్యలో గోధుమరంగు బొట్లతో చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఒక్కటీ కాయ కట్టదు, నాలుగు రోజులకు రాలిపోతాయి. గుండయ్య మొక్కది కూడా అదే కథ అని మీ అత్తమ్మ గేటు దగ్గర విని చెప్పింది. ఆయన ఆకు బాగుండి కాయ లేదు, నాకు ఆకూ లేదు కాయా లేదు.

మామ

*

మంచిర్యాల,
22 నవంబర్.

మామకు వందనాలు.

పువ్వుల సంగతి తేలిక. నేనే ముందు చెప్పాల్సింది. టొమాటిల్లో తన పుప్పొడితో తాను కాయ కట్టదు. వేరే మొక్క పుప్పొడి కావాలి, అంటే ఎప్పుడూ రెండు మొక్కలు ఒక దగ్గర ఉండాలి. మనం ఒకదాన్ని పీకి, ఇంకోదాన్ని గౌలిపురలో పెట్టాం.

మచ్చల సంగతే నాకు అర్థం కావడం లేదు. ఈ వైరస్ ఎగరదు. నెల రోజులుగా గుండయ్య తాత ముట్టుకోలేదంటున్నావు. పొగాకు నలిపే ఆయన చేతుల్లో ఆయన మొక్క పచ్చగా ఉంది, పొగాకు మానేసిన నీ చేతుల్లో నీది మచ్చలు పడుతోంది. లెక్క తలకిందులుగా ఉంది. ఎక్కడో ఏదో చూడకుండా వదిలేస్తున్నాం.

నాకోసం ఒక పని చెయ్యి. ఒక పొద్దున గౌలిపుర వెళ్ళు. ఆయన నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆ మొక్కను ముట్టుకునే దాకా చేతులతో ఏమేం చేస్తాడో వరసగా చూసి రాయి. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో వెతికే నీ కన్ను కావాలి. ఆ వంకతో మాట్లాడినట్టూ ఉంటుంది.

సుజన

*

మాదన్నపేట,
2 డిసెంబర్.

బిడ్డా సుజనా,

వెళ్ళాను. సందు మొదట్లో కాళ్ళు వెనక్కి లాగాయి కానీ వెళ్ళాను. గుండయ్య ఏమీ జరగనట్టే స్టూలు వేశాడు, కోడలు ఆండాలుతో చాయ్ పెట్టించాడు. నా నోటి సంగతి గుర్తుంచుకొని చల్లార్చి ఇమ్మన్నాడు. తనకు చేసిన అవమానం గురించి ఒక్క మాట లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

నువ్వడిగిన వరస ఇది. లేస్తూనే పొగాకు నలిపి దవడన పెట్టుకున్నాడు. అదే చేత్తో దూడను విప్పాడు. పొదుగు కడిగి పాలు పితికాడు. పితికేటప్పుడు వేళ్ళు పాలలో ముంచి తడి చేసుకుంటాడు, చేతులు మణికట్టు దాకా పాలే. బిందె దించి, ఆ పాలచేతులు అలాగే విదిలించి, నేరుగా మొక్క దగ్గరికెళ్ళి ఆకులు సర్దాడు. చెయ్యి కడగవేంటి అంటే, "పాలు ఏమన్న మైలనా అన్నా, గేదెలు అయినంక ఒక్కపారే కడుగుత" అన్నాడు. సాయంత్రం కూడా అంతేనట. పాలు కొలిచి పోసిన చేతులతోనే అన్ని పనులూ. మన ఇంటికి వచ్చినప్పుడు కూడా అలాగే పైకెక్కేవాడని ఇప్పుడు గుర్తొచ్చింది, ఆయన పట్టుకున్న పిట్టగోడకు పాలవాసన అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

నాకైతే ఇందులో చిక్కు ఏమీ కనిపించలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాను. నీకేమైనా తోస్తే చెప్పు. ఆ మొక్క మాత్రం చూడాలి, ఎంత పచ్చదనమో.

మామ

*

మంచిర్యాల,
9 డిసెంబర్.

మామా,

నీ ఉత్తరం చదివి లైబ్రరీకి పరిగెత్తాను. దొరికింది. ఆ వైరస్‌ను పాలు పనికిరాకుండా చేస్తాయి. పొగాకు తోటల్లో నారు ముట్టుకునే ముందు కూలీలు పాలలో చేతులు ముంచడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతట. గుండయ్య తాతకు అది తెలియదు. ఆయన బతుకే అది.

చదివి మొదట ఎగిరి గంతేశాను. తరవాత కుర్చీలో కూలబడ్డాను. ఎందుకో నువ్వే ఆలోచించు. మన డాబా మీదికి ఆయన పాలు పోసిన చేతులతోనే వచ్చేవాడు, ఆ పాల తడిలోనే పొగాకు నలిపేవాడు. అంటే ఆయన చేతుల నుంచి మన మొక్కకు ఎప్పుడూ ఏమీ అంటలేదు. మొదటి మొక్కకూ కాదు, రెండోదానికీ కాదు. మొదటి మొక్కను పొద్దున్నే కట్టి గిల్లింది నువ్వు. రెండోదాన్ని నువ్వు చూసుకోవడం మొదలుపెట్టాకే దానికి వచ్చింది. అత్తమ్మ ఎక్కలేని డాబాకు రోజూ అయిదారుసార్లు ఎక్కింది నువ్వు.

నాకు ఇంకేమీ అడగాలని లేదు. గుండయ్య తాత నీ ముఖం వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసీ నింద తన మీద వేసుకొని మెట్లు దిగిపోయాడు. ఆయన్ను నేను తప్పుపట్టాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. నీ మీద కోపంగా ఉంది, అంతకన్నా భయంగా ఉంది. జనవరి ఎంతో దూరం లేదు మామా.

సుజన

*

మాదన్నపేట,
16 డిసెంబర్.

సుజనకు,

నీ ఉత్తరం అందింది. ఒక్కటి అడుగుతాను, చదువుకున్నదానివి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. మచ్చ పడిన ఆకు మళ్ళీ మామూలు ఆకు అవుతుందా?

డానియేలు

*

మంచిర్యాల,
21 డిసెంబర్.

మామకు,

నువ్వు అడిగింది ఆకు గురించి కాదని తెలుసు. అయినా ముందు ఆకు సంగతే చెప్తాను. అవదు. ఆ తెగులుకు మందు లేదు. మొక్క ఉన్నన్నాళ్ళూ అది ఉంటుంది.

కానీ నువ్వు మొక్కవి కావు. నీ బుగ్గలో మచ్చ వైరస్ కాదు, రోజూ అక్కడ పెట్టిన మంట. పెట్టడం ఆపితే చాలామందికి పలచబడుతుందని మా ఊరి పళ్ళ డాక్టరు చెప్పారు. కచ్చితంగా అని ఆయనా అనలేదు, నేనూ అనను. ఆపకపోతే ఏమవుతుందో మాత్రం ఆయన కచ్చితంగానే చెప్పారు. అది నేను కాగితం మీద పెట్టలేను.

మొక్కను పీకకు. తెగులు ఉన్నా పువ్వు పువ్వే. ఆ కాయ తింటే మనకేమీ కాదు. తాత మొక్క నుంచి పువ్వు తెచ్చి నీ పువ్వులకు తాకిస్తే కాయ కట్టవచ్చు. నీ డాబా మీది పువ్వు మాత్రం అటు తీసుకెళ్ళవద్దు. ముందు పాలతో చేతులు కడుక్కోవాలి. మనసులో ఉన్నది రాశాను, కోపం వస్తే రానీ.

నీ బిడ్డ
సుజన

*

మాదన్నపేట,
6 ఫిబ్రవరి 2025.

నా బంగారు బిడ్డ సుజనకు మామ దీవెనలు.

ఇన్నాళ్ళూ రాయనిది కోపంతో కాదు. ఏదో ఒకటి చెప్పుకోవడానికి ఉన్నాక రాద్దామనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే నీళ్ళ ట్యాంకు వెనక దాచిన పొగాకు డబ్బా తెచ్చి మీ అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె తిట్టలేదు. కూర్చుని ఏడ్చింది. మర్నాడు గేటు దగ్గర గుండయ్యను ఆపి పైకి రమ్మన్నాను. మెట్ల మీద అడిగాను, అన్నీ తెలిసి ఎందుకు ఊరుకున్నావని. "నీ మేనకోడలు ముంగట నీ మాట పోవద్దనుకున్న అన్నా. ఒక్క డబ్బాల తిన్నోళ్లం, నిన్నొక్కణ్ణి ఎట్ల పట్టిస్త" అన్నాడు. ఆయన భుజం పట్టుకుని ఎక్కాను.

ఇప్పుడు మెట్ల కింద మీ అత్తమ్మ గిన్నెడు పాలు పెడుతోంది. డాబా ఎక్కే ఎవరైనా సరే చేతులు ముంచాల్సిందే. ఆనందరావు ఏదో పూజ అనుకొని ముంచి కళ్ళకద్దుకున్నాడు. గుండయ్య రోజూ తన మొక్క పువ్వులు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు, ఇద్దరం నా పువ్వులకు ఒక్కొక్కటిగా తాకించాం. ఆయన మొక్కకు కాయ లేదు, పువ్వులన్నీ నా బకెట్‌కే వచ్చాయి. ఈసారి నువ్వు విత్తనం పంపితే రెండేసి మొక్కలు ఆయన దగ్గరే వేయాలని నిర్ణయించాం. ఆయన కూడా పొగాకు తగ్గిస్తానంటున్నాడు, మానేస్తానని అనడం లేదు. నన్ను చూసి నమ్మకం కుదిరాక అంటాడట.

డాక్టరమ్మ చూసింది. మచ్చ అంచులు పలచబడ్డాయంది. ముక్క కోయడం ప్రస్తుతానికి ఆపింది, మార్చిలో మళ్ళీ రమ్మంది. అప్పటికి ఏమంటుందో తెలియదు. ఒట్లు పెట్టను, జూన్‌లో పెట్టినది ఏమైందో చూశావు. పొద్దున లేవగానే ఎడమ అరచెయ్యి ఇంకా దురదపెడుతుంది. అప్పుడు పైకెళ్ళి మొక్కకు నీళ్ళు పోస్తాను. పొగాకు వాసన వస్తుందేమోనని మీ అత్తమ్మ కింద నిలబడి ముక్కు ఎగబీలుస్తుంది. ఇద్దరికీ అలవాటవుతోంది.

ఆకులన్నీ మచ్చలే, నువ్వు చెప్పినట్టు ఒక్కటీ బాగుపడలేదు. ఆ ముడతాకుల మధ్య ఏడెనిమిది కాయలు బుడ్డల్లో నిలిచాయి. తెగులు మొక్క కాబట్టి చిన్నవే, రేగుపండంత. నిన్న సాయంత్రం మొదటి బుడ్డ కోశాం. చిన్నప్పటిలా నుదుటి మీద పేలుద్దామనుకుంటే గుండయ్య లాక్కున్నాడు. పొట్టు తీసి, పాలతో కడిగిన వేళ్ళతోనే నా నోటికి అందించాడు. మామూలు సైజు కాసి ఉంటే నాకు పట్టేది కాదు. సరిగ్గా రెండు వేళ్ళ సందులోంచి లోపలికి పోయింది. పుల్లగా ఉంది సుజనా.

మామ డానియేలు